ఒక్క వరుస... వెయ్యి ఊళ్లు!

వంగర ఏ జిల్లాలో ఉంది?

2016 దసరా ముందురోజు అడిగి ఉంటే ‘కరీంనగర్’ అనేవారు. పండగ నాటి నుంచి ‘వరంగల్ అర్బన్’ అయింది. 2021 ఆగస్టు తర్వాత ‘హనుమకొండ’. ఊరు ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. అవే పొలాలు, అదే చెరువు, అవే ఇళ్లు. కాగితాల మీద మాత్రం అయిదేళ్లలో మూడు జిల్లాలు తిరిగొచ్చింది!

ఈ వంగర మాజీ ప్రధాని పీవీ నరసింహారావు పెరిగిన ఊరు. ఆయన బహుభాషాకోవిదుడని అందరికీ తెలుసు. విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చిందీ ఆయనే. కానీ ఆయన నేర్చుకున్న భాషల్లో ఏ దేశంలోనూ ఎవరూ మాట్లాడనివి కూడా కొన్ని ఉన్నాయి. అవి కంప్యూటర్ భాషలు.

అది 1980ల మధ్యకాలం. పీవీ అప్పుడు రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో ఉన్నారు. కొత్త సాంకేతికత పాతతరం నాయకులకు బుర్రకెక్కదన్నట్టు రాజీవ్ ఎవరితోనో అంటుండగా ఆ మాట పీవీ చెవిన పడిందట. ఆయన వాదనకు దిగలేదు. హైదరాబాద్‌లో ఉన్న కుమారుడు ప్రభాకరరావుకు కబురు పెట్టి ఓ కంప్యూటర్ తెప్పించుకున్నారు. మొదట ఓ గురువు దగ్గర నేర్చుకున్నారు. తర్వాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా కుస్తీ పట్టారు. అలా కోబాల్, బేసిక్ భాషలు నేర్చి, యూనిక్స్ మీద కూడా ప్రోగ్రాములు రాశారని వినయ్ సీతాపతి 2016లో వెలువరించిన పీవీ జీవితచరిత్ర ‘హాఫ్ లయన్’ చెబుతోంది. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది!

ఆ యూనిక్స్ వారసత్వమే ఈరోజు లైనక్స్ రూపంలో ఏ విద్యార్థికైనా ఉచితంగా దొరుకుతోంది. వంగర లాంటి వందలాది ఊళ్ల జిల్లా పేర్లను నిమిషాల్లో సరిచేసే విద్య కూడా అందులోనే ఉంది.

సాంచాల దగ్గర దొరికే సూత్రం

2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 52 మండలాల ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది... ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. 57 మండలాల కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టాయి. అవి కాక కొన్ని మండలాలు సిద్దిపేటకు, కొన్ని వరంగల్ అర్బన్‌కు, ఇంకొన్ని జయశంకర్ భూపాలపల్లికి వెళ్లాయి.

ఇప్పుడు ఒక కాలేజీలోనో స్వచ్ఛంద సంస్థలోనో ఉండే ఊళ్ల జాబితాను ఊహించుకోండి. వరుసకో ఊరు. ఒక్కో వరుసలో జనగణన కోడు, ఊరి పేరు, మండలం, జిల్లా. ఇలాంటివి రెండు వేల వరుసలు. ఒక్కోదాన్నీ చూసి, పాతది చెరిపి, కొత్తది కొట్టాలంటే రోజులు పడుతుంది. మధ్యలో ఫోన్ మోగినా, కళ్లు మూతపడినా తప్పు దొర్లుతుంది. ఓ పిల్లవాడి స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఒక జిల్లా, ధ్రువపత్రంలో ఇంకో జిల్లా ఉంటే ఆ చిన్న తప్పుకు తిరగాల్సింది వాడి తండ్రే.

యూనిక్స్ ఈ పనిని చూసే తీరు వేరు. అది అర్థం కావాలంటే సిరిసిల్ల వెళ్లి మరమగ్గాల మధ్య కాసేపు నిలబడితే చాలు. అక్కడ గుడ్డ మొత్తాన్నీ ఒక్కరే తయారుచేయరు. కండెలు చుట్టేవారు ఒకరు, వార్పింగ్ చేసేవారు మరొకరు. పోగులు అతికేది వైపని కార్మికులు. సాంచా నడిపేవారు ఇంకొకరు. ఎవరి పని వారిది. ఒకరి చేతిలోంచి వచ్చింది రెండోవారి చేతిలోకి వెళుతుంది. చివరికి తాన్ బయటికొస్తుంది.

యూనిక్స్ పనిముట్లూ అంతే. ఒక్కోటి ఒక్క పనే చేస్తుంది. ‘గ్రెప్’ జల్లెడ... కావాల్సిన మాట ఉన్న వరుసల్నే కింద పోస్తుంది. ‘సార్ట్’ వరుసల్ని క్రమంలో పేరుస్తుంది. ‘యూనిక్’ పక్కపక్కనే ఉన్న ఒకేలాంటి వరుసల్ని కలిపేసి, అడిగితే ఎన్ని ఉన్నాయో లెక్క చెబుతుంది. ‘సెడ్’ ఒక మాట తీసి ఇంకో మాట పెడుతుంది. ‘ఆక్’ మరికాస్త తెలివైంది. వరుసను గళ్లుగా విడదీసి, మూడో గడిలో ఫలానా మాట ఉంటే నాలుగో గడిని మార్చమంటే మారుస్తుంది. వీటన్నిటినీ కలిపే నిలువు గీత పేరు ‘పైప్’. ఒక పనిముట్టు ఇచ్చిందాన్ని రెండోదానికి అందించడమే దాని పని.

ఆ ఆదేశాలన్నీ ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటే అదే షెల్ స్క్రిప్ట్. వంటింట్లో అమ్మ రాసిపెట్టుకున్న ఆవకాయ కొలతల కాగితం లాంటిది. మళ్లీ ఏడాది అదే కాగితం తీస్తే అదే రుచి!

గ్రెప్ అనే పేరెలా వచ్చింది?

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కు ప్రాణం పోశారు. అక్కడే పనిచేసే డగ్ మెక్‌ల్‌రాయ్ 1964లోనే ఓ ఆలోచన కాగితం మీద పెట్టారు. తోటకు నీళ్లు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్టు ప్రోగ్రాములనూ బిగించుకునే వీలుండాలన్నది దాని సారాంశం. 1973లో థాంప్సన్ దాన్ని నిజం చేశారు. పైపులు పుట్టాయి.

గ్రెప్ కూడా థాంప్సన్ సృష్టే. అంతకుముందున్న ‘ఈడీ’ అనే ఎడిటర్‌లో ‘ఫైలంతా వెతుకు, ఈ నమూనాకు సరిపడే వరుసలు చూపించు’ అని చెప్పడానికి వాడే పొడి అక్షరాలను కలిపి పలికితే వచ్చిన పేరది. సెడ్‌ను లీ మెక్‌మాన్ రాశారు. 1977లో వచ్చిన ఆక్ పేరులో ముగ్గురున్నారు... అహో, వైన్‌బర్గర్, కెర్నిగాన్. ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపితే ఆక్!

ఈ చిన్న పనిముట్ల సత్తా లోకానికి గట్టిగా తెలిసింది 1986లో. ఒక వ్యాసంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఎక్కువసార్లు వచ్చినవి చూపించే ప్రోగ్రాము రాయమని కంప్యూటర్ శాస్త్ర దిగ్గజం డొనాల్డ్ నూత్‌ను ఓ పత్రిక అడిగింది. ఆయన పేజీలకు పేజీలు నడిచే అందమైన ప్రోగ్రాము రాశారు. దాన్ని సమీక్షించిన మెక్‌ల్‌రాయ్ మెచ్చుకుంటూనే, అదే పని చేసే ఆరు ఆదేశాల గొలుసును పక్కన పెట్టారు. ఆ ఆరు ఆదేశాలూ ఈరోజుకీ పనిచేస్తాయి.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ పేరుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టారు. అందులోంచే 1989లో ‘బాష్’ షెల్ వచ్చింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ తోడైంది. పీవీ నేర్చుకున్న రోజుల్లో యూనిక్స్ పెద్ద సంస్థల్లో కనిపించే ఖరీదైన సరుకు. ఇప్పుడది జగిత్యాల కుర్రాడి పాత ల్యాప్‌టాప్‌లోనూ ఉచితంగా నడుస్తుంది.

కనిపించని అక్షరం!

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు తెలుగుతో మొదలవుతుంది.

‘కరీంనగర్’... ఇందులో ఎన్ని అక్షరాలు? బడిపిల్లాణ్ని అడిగితే క, రీం, న, గ, ర్... అయిదు అంటాడు. లెక్కపెట్టే పనిముట్టు ‘డబ్ల్యూసీ’ని అడిగితే ఎనిమిది అంటుంది. గుడి దీర్ఘం, సున్నా, పొల్లు కూడా దాని లెక్కలో వేర్వేరే. బైట్లు చెప్పమంటే 24 అంటుంది! థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు తీసుకుంటుంది. ఆంగ్ల అక్షరానికి ఒక్క బైటే. అందుకే ఆంగ్ల పాఠం చూసి ‘మొదటి అయిదు బైట్లు కత్తిరించు’ అని నేర్చుకున్నవాళ్లు తెలుగు ఫైలు మీద అదే చేస్తే అక్షరం మధ్యలో తెగి, తెర మీద పిచ్చి గుర్తులు ప్రత్యక్షమవుతాయి.

రెండో చిక్కు ఇంకా గడుసుది. ‘కరీంనగర్‌లో’ అని రాసేటప్పుడు ‘ర్’కు ‘లో’ ఒత్తుగా అతుక్కోకుండా మధ్యలో ఒక గుర్తు పెడతారు. దాని వెడల్పు సున్నా. కంటికి కనిపించదు, కాగితం మీద అచ్చవదు. కానీ ఫైల్లో అదీ మూడు బైట్లు తింటూ కూర్చుని ఉంటుంది. ఒకరు అది పెట్టి కొట్టిన మాట, ఇంకొకరు పెట్టకుండా కొట్టిన మాట గ్రెప్‌కు రెండు వేర్వేరు మాటలు. ‘నా కళ్లెదురుగా ఉంది, కంప్యూటర్ లేదంటుందేమిటి?’ అని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి అడ్డుపడేది ఇదే.

మూడోది మన రాతల తీరు. ఆదిలాబాద్ అడవుల్లో జల్, జంగల్, జమీన్ నినాదమై నిలిచిన గోండు వీరుడి పేరునే తీసుకోండి. కొమరం, కొమురం, కుమురం, కుమ్రం... నాలుగు రకాలుగా కనిపిస్తుంది. ఒక రాత పట్టుకుని వెతికితే మిగతా మూడూ జారిపోతాయి. ఇక్కడే ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’ అనే నమూనా భాష ఆదుకుంటుంది. ‘క’కు ఒత్వం గానీ కొమ్ము గానీ ఉండొచ్చు. తర్వాత ‘మ’ ఉండాలి. దానికి కొమ్ము ఉండొచ్చు, పొల్లు ఉండొచ్చు, రెండూ లేకపోనూవచ్చు. ఆపైన ‘రం’ రావాలి. ఈ మాటలనే నాలుగైదు గుర్తుల్లో చెబితే చాలు, నాలుగు రాతలూ ఒక్క వలలో పడతాయి. ‘కుమ్రం’లో కంటికి రావత్తు కనిపిస్తుంది కానీ కంప్యూటర్ దాన్ని మ, పొల్లు, ర అని విడివిడిగానే దాచుకుంటుంది. తెలుగు లిపిని చిన్నప్పుడు గుణింతంగా నేర్చుకున్నవాళ్లు దాన్ని రెండోసారి నేర్చుకునేది ఇక్కడే.

యూనికోడ్ రాకముందు తయారైన పాత తెలుగు ఫైళ్లయితే మరో కథ. వాటిలో తెలుగు కనిపిస్తుంది కానీ ఉండదు. ఆంగ్ల అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంట్లవి. ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చాకే ఈ పనిముట్లన్నీ అక్కరకొస్తాయి.

ఒక్క వరుసతో ఎంత లాభమో... అంత నష్టం!

సెడ్ చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అదే దాని బలం, అదే దాని ప్రమాదం.

మంథని మండలం పెద్దపల్లి జిల్లాలోకి వెళ్లింది. కాబట్టి మంథని గురించిన ఫైలు తీసుకుని ‘కరీంనగర్’ అన్నచోటల్లా ‘పెద్దపల్లి’ పెట్టమంటే? కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. ‘మంథని నుంచి కరీంనగర్ వెళ్లే బస్సు’ కాస్తా ‘పెద్దపల్లి వెళ్లే బస్సు’ అవుతుంది. అది సరిదిద్దుకోవచ్చు. ‘1957లో పీవీ కరీంనగర్ జిల్లా మంథని నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు’ అన్న వాక్యంలోనూ జిల్లా మారిపోతుంది. ఆయన 1977 వరకు మంథని ఎమ్మెల్యేగా ఉన్నారు. ఆ కాలంలో పెద్దపల్లి జిల్లా అన్నదే లేదు! ఒక్క ఆదేశంతో చరిత్ర తప్పయిపోయింది. అలాంటి తప్పు వెయ్యి పేజీల్లో ఒకేసారి జరిగితే దాన్ని పట్టుకునేదెవరు?

ఊరి పేరును నమ్ముకున్నా ముప్పే. కొత్తపల్లి, రాంపూర్, నాగారం లాంటి పేర్లున్న ఊళ్లు ఒకటికి మించి ఉంటాయి. ఒక కొత్తపల్లి కోసం రాసిన ఆదేశం ఇంకో కొత్తపల్లినీ లాక్కుపోతుంది. అందుకే తెలిసినవాళ్లు పేరు జోలికి పోకుండా 2011 జనగణనలో ఒక్కో ఊరికీ ఇచ్చిన ఆరంకెల కోడును పట్టుకుంటారు. మనిషికి పేరెలాగో ఫైలుకు ఆ కోడు అలాగ. జిల్లా మారినా అది మారదు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో మన ఊళ్ల పేజీలు వేల సంఖ్యలో ఉన్నాయి. జిల్లాల పునర్విభజన తర్వాత వాటిని సరిచేసే పని ఔత్సాహికుల మీద పడింది. అలాంటి పనుల కోసం వాళ్లు వాడే ‘ఆటో వికీ బ్రౌజర్’ నల్లతెర మీద నడిచేది కాదు. సూత్రం మాత్రం ఇదే... నమూనాతో వెతుకు, మార్చు. తేడా ఏమిటంటే మార్పును ముందుగా మనిషి కళ్లకు చూపించి, సరే అన్నాకే భద్రపరుస్తుంది. సెడ్ నేర్చుకునేవాళ్లు అలవరచుకోవాల్సిన జాగ్రత్త కూడా అదే.

మొదటి వారం... మొదటి ఫైలు

నేర్చుకోవడానికి ఇంజినీరింగ్ సీటు అక్కర్లేదు. పదో తరగతి చదివిన పల్లె పిల్లల కోసం 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. అంతకు ఏడాది ముందు కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో జేఎన్‌టీయూ కాలేజీ మొదలైంది. వాటిలో చదివేవారికి ఇది పాఠంలో భాగం కావచ్చు. కానీ డిగ్రీ చదివే అమ్మాయి, లెక్కలు రాసుకునే దుకాణదారు, విశ్రాంత ఉపాధ్యాయుడు... ఎవరైనా మొదలుపెట్టొచ్చు. పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసుకోవచ్చు. విండోస్‌లోనే లైనక్స్ నడుపుకొనే వీలు 2016 నుంచి ఉంది. ఆండ్రాయిడ్ ఫోనుంటే ‘టెర్మక్స్’ యాప్ చాలు.

మొదటి రోజు పెద్దవాటి జోలికి వెళ్లొద్దు. ఇంట్లో ఉన్న జాబితానే ఫైలుగా కొట్టండి... పెళ్లి పిలుపుల చిట్టా అయినా సరే. వరుసకో పేరు, ఊరు, ఫోను. గ్రెప్‌తో మంచిర్యాల చుట్టాలను వేరుచేయండి. మర్నాడు సార్ట్, యూనిక్ కలిపి ఏ ఊరికి ఎన్ని కార్డులో లెక్క తీయండి. ముందు సార్ట్, తర్వాతే యూనిక్. అది పక్కపక్కన ఉన్న వరుసల్నే పోల్చగలదు మరి! ఈ లెక్కలో ఇంకో లాభముంది. ‘సిరిసిల్ల’ పన్నెండుసార్లు, ‘సిరిసిల్లా’ ఒక్కసారి వచ్చిందంటే తప్పెక్కడుందో అదే చెప్పేస్తుంది.

మూడో రోజు పిన్‌కోడ్‌లు. ఆదిలాబాద్ పట్టణం 504001, కరీంనగర్ 505001. ‘504 తర్వాత ఏవైనా మూడంకెలు’ అన్న నమూనా రాయడం వచ్చిందంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు తలుపు తెరుచుకున్నట్టే. ఆ తర్వాత సెడ్, చివరగా ఆక్.

నాలుగు నియమాలు మాత్రం మరవొద్దు. అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు మీదే పనిచేయాలి. మార్చే ముందు ఏయే వరుసలు మారతాయో గ్రెప్‌తో చూసుకోవాలి. మార్చాక ‘డిఫ్’తో పాత, కొత్త ఫైళ్లను పోల్చాలి. చదువుతున్న ఫైలు పేరుతోనే ఫలితాన్ని దాచమని ఎన్నడూ చెప్పకూడదు. అలా చెబితే షెల్ పని మొదలుకాకముందే ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. ఈ దెబ్బ తినకుండా షెల్ నేర్చుకున్నవాళ్లు అరుదు!

కృత్రిమ మేధ వచ్చాక ఇవన్నీ ఎందుకని అనిపించొచ్చు. ఏ ఆదేశం రాయాలో అదే చెబుతుంది కదా! చెబుతుంది. కానీ ఆ ఆదేశం మంథని చరిత్రను చెరిపేస్తుందో లేదో చూసి పట్టుకోవాల్సింది మనిషే. పైగా ఆ మేధ తెలుగు నేర్చుకోవాలన్నా ముందు శుభ్రమైన తెలుగు పాఠ్యం కావాలి. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ ఇంజినీరింగ్ విద్యార్థులతో తెలుగు కథల పాఠ్యాన్ని సేకరించి సరిచేయించింది ఇందుకే. అచ్చుతప్పులు ఏరడం, కనిపించని గుర్తులు తీసేయడం, ఒకే కథ రెండుసార్లు రాకుండా చూడటం... అన్నీ ఈ చిన్న పనిముట్లతో అయ్యే పనులే.

ఇంతకీ వంగర వరుసను ఎలా సరిచేయాలి? ఆక్‌తో అయితే మండలం గడిలో ‘భీమదేవరపల్లి’ ఉన్నచోట జిల్లా గడిలో ‘హనుమకొండ’ పెట్టమంటే చాలు, ఆ మండలంలోని ఊళ్లన్నీ ఒక్క దెబ్బకు మారతాయి. అయితే నిదానంగా ఆలోచించేవాళ్లు ఇంకో పని చేస్తారు. పాత జిల్లా పేరును చెరిపేయరు. పక్కన ఇంకో గడి వేసి అందులో ‘కరీంనగర్, 2016 వరకు’ అని ఉంచుతారు. రేపు పీవీ జీవితం గురించి వెతికే పిల్లకు పాత పుస్తకంలోని కరీంనగర్, కొత్త కాగితంలోని హనుమకొండ... రెండూ ఒకే ఊరిని చూపిస్తాయి.

అరవై దాటాక పుస్తకం ముందేసుకుని యూనిక్స్‌తో కుస్తీ పట్టిన ఆ పెద్దాయన ఊరికి ఆ మాత్రం శ్రద్ధ చూపడం న్యాయమే కదా!